బూటు ముడి

ముందు పీట కిర్రుమంటుంది. ఆ తరవాతే చెప్పుల దుకాణంలో అరల వెనకనుంచి ఆయన లేచి వస్తాడు. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పడు. తలుపు తిరిగినట్టు మనిషంతా తిరుగుతాడు. వెన్నుపూసల వాపు పడుచుతనంలోనే మొదలైంది. నొప్పికి జడిసి కదలడం తగ్గించాడు, కదలక ఒళ్ళు పెరిగింది, ఆ బరువంతా మళ్ళీ నడుము మీదే పడి నొప్పిని పెంచింది. బరువు తగ్గితే మందు కూడా బాగా పనిచేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కొనేవాళ్ళ పాదాలను ఎత్తుపీట మీద పెట్టించుకుని ఎలాగో బూట్లు తొడుగుతాడు గాని, తన బూటు తాళ్ళు మాత్రం పొద్దున్నే గుమ్మంలో భార్య కట్టాల్సిందే. "ఊరందరి కాళ్ళూ మీకు, మీ కాళ్ళు నాకూనా!" అని ఆవిడ దెప్పుతుంది, దెప్పుతూనే ముడి వేస్తుంది. ఆయన నవ్వుతాడు, కళ్ళు మాత్రం గోడకేసి తిప్పుకుంటాడు.

ఏడాదిగా ఈతకొలనులో తేలుతూ, కంచంలో వడ్డన తగ్గించుకుంటూ వచ్చాడు. పొట్ట మబ్బు విడినట్టు మెల్లగా తగ్గింది. ఈ ఉదయం ఆవిడ వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని, పాదం పీట మీద పెట్టి, ముందుకు వాలి ఉన్నాడు. నడుము ఎప్పటిలాగే కర్రలా బిగిసి ఉంది. కాని పొట్ట అడ్డు రాలేదు. నుదుట చెమట పట్టింది. వేళ్ళు తాళ్ళను అందుకున్నాయి. ముడి పడింది.

ఆవిడ దగ్గరికొచ్చి ముడికేసి చూసింది. తరవాత అలవాటు కొద్దీ వంగబోయింది.

"వదులుగా ఉందండీ, వీధి చివరిదాకా కూడా ఆగదు. బిగించనా?"

"వద్దే. ఊడితే ఊడనీ. మళ్ళీ వంగుతాను."