గేటు మోగిన రోజు

బస్‌స్టాండులో తనిఖీ గేటు పెట్టినప్పుడు మా కోసాడ్ కాలనీలో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. బాంబు ఉందని ఎవరో ఫోన్ చేశారట. ఆ వారమంతా బస్సెక్కగానే సీటు కిందికి వంగి చూసేదాన్ని. "సంచులే గాదు, మనుషులను గూడ చూడాలె" అని ఇంట్లో పెద్ద నోరు చేసుకుని చెప్పాను. పక్కనే ఉన్న అక్క లేచి లోపలికి పోయింది. ఎందుకో నాకే తట్టాల్సింది.

అక్కకు ఎడమ రొమ్ము తీసేశారన్న సంగతి మా ఇంటి గడప దాటలేదు. కడుపులో రాళ్లకు ఆపరేషన్ అని కాలనీకి చెప్పాం. చుట్టూ పొట్టకూటికి ఇంత దూరమొచ్చి మగ్గాల మీద బతికే మన తెలంగాణవాళ్లే. ఎవరింట్లో ఏం కూర వండారో కూడా అందరికీ కావాలి. జాకెట్ లోపల పెట్టుకోవడానికి దుకాణంలో దొరికేది చెమటకు మండుతోందంటే నేనే ఒకటి కుట్టాను. మెత్తటి గుడ్డలో కార్ఖానాలో మిగిలిన దారం కూరాను. తేలిగ్గా ఉండి పైకి జరిగిపోయేది. అందుకని పోగు తెగితే మగ్గం ఆగడానికి పడుగు దారాలకు తగిలిస్తారే, ఆ సన్నటి స్టీలు రేకులు, పాతవి కొన్ని అడుగున పెట్టి కుట్టేశాను. అచ్చం కుదిరింది. నేత ఇంట్లో పుట్టినదానికి బరువంటే ఇంకేం గుర్తొస్తుంది? నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆసుపత్రికి బయల్దేరిన పొద్దున అక్క అడుగు పెట్టగానే గేటు కుయ్యిమంది. కాపలా అమ్మాయి చేతి మిషన్ తిప్పింది. అది ఎడమ వైపు వచ్చి ఆగి, అరవడం మొదలుపెట్టింది.

"క్యా హై, బెన్? నికాలో." లోపల ఏముందో తియ్యమంటోంది.

"కమ్రాలో చూడు, ఇక్కడ కాదు" అన్నాను హిందీలో. పరదా కట్టిన గది ఎదురుగానే ఉంది. దాని తాళంచెవి పై ఆఫీసరు సాహెబ్ దగ్గరుందట, సాహెబ్ చాయ్‌కి పోయాడట. నాకు ఒళ్లు మండిపోయింది. గది కట్టి తాళం వేసుకున్న తెలివికి ఏమనాలి? గొంతు చించుకుని అరిచాను. దాంతో లైను మొత్తం మావైపు తిరిగింది.

వెనక నుంచి మా పక్కింటావిడ మెడ చాచింది. "ఏమైంది వదినా? లోపట ఏం వెట్టుకున్నవ్?"

అక్క కొంగును ఎడమవైపుకు లాక్కుంది. "ఇంటికి పోదాం పా అక్కా" అన్నాను. కాపలా అమ్మాయి అడ్డం నిలబడింది. మోగినాక వదిలితే తన ఉద్యోగం పోతుందంది. ఆమెకూ భయమే. నేను ఇంట్లో కూర్చుని కోరిన పనే పాపం ఆమె చేస్తోంది. అయినా ఆ క్షణంలో ఆమెను చంపేయాలనిపించింది.

అక్క గోడవైపు తిరిగింది. గోడ మీద కెమెరా. కాసేపు దానివంక చూసి మళ్లీ ఇటే తిరిగింది. కొంగు కింద చెయ్యి పెట్టి, నేను కుట్టినదాన్ని తీసి, ఫోన్లు, తాళంచెవుల మధ్య ప్లాస్టిక్ ట్రేలో పెట్టింది. సంచులు చూసే మిషన్ బెల్టు దాన్ని లోపలికి లాక్కుపోయింది. తెర ముందు కూర్చున్నతను "యే క్యా హై?" అన్నాడు. కాపలా అమ్మాయి తలదించుకుని మాకు దారి వదిలింది. పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఆ కెమెరాలో పడ్డది ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, ఎవర్ని అడగాలి?

"రేకులు తీసేసి మళ్ల కుడత అక్కా."

"వద్దు చెల్లె" అంది అక్క కిటికీలోంచి చూస్తూ. "ఎవ్వలికి తెల్వద్దనే గద పెట్టుకున్న. ఇగ ఎందుకే?"

సాయంత్రం తిరుగు బస్సు ఎక్కే చోటా అలాంటి గేటే. నేను కుట్టింది చేతిసంచిలోనే ఉంది. సంచిని బెల్టు మీద వేసి, ఎడమవైపు కొంగు సర్దుకోకుండానే అక్క గేటు దాటింది. గేటు మోగలేదు.