గంటకో గ్లాసు కృష్ణారావు గారు

కూర్చున్న మనిషిని చూస్తే కృష్ణారావు గారికి ఊపిరాడదు. ఆ కూర్చున్నది పెళ్ళికూతురైనా సరే, పురోహితుడైనా సరే, గంట దాటిందంటే లేపాల్సిందే. లేపి, మెడ అటూ ఇటూ తిప్పించి, గ్లాసుడు నీళ్ళు తాగించి, నాలుగడుగులు నడిపిస్తే గానీ ఆయన మనసు కుదుటపడదు. శామీర్‌పేట దాటాక అలియాబాద్ వైపు కొత్తగా లేచిన కాలనీలో ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. దూరాన ఆయన తెల్లచొక్కా కనపడితే చాలు, గడపల మీద కూర్చున్నవాళ్ళు ముందే లేచి నిలబడేవాళ్ళు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు అదంతా మర్యాద అనుకునేవాళ్ళు.

ఆయనది తెనాలి. గుమాస్తా ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కూర్చుని బడిపిల్లల గైడ్లకు ప్రూఫులు దిద్దేవారు. కూర్చుని అన్నది మాటవరసకే. కాగితాలన్నీ పెరట్లో బట్టల దండేనికి క్లిప్పులు పెట్టి తగిలించి, ఎర్రకలం పుచ్చుకుని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి నడుస్తూ దిద్దేవారు.

"ఆఫీసుకు పోయేవాడు బస్సు కోసమైనా పరుగెత్తుతాడు. ఇంట్లో పనిచేసేవాడు దేనికోసం పరుగెత్తుతాడు చెప్పండి?" అని అడిగేవారు.

ఓ రోజు దేనికోసం పరుగెత్తాలో ఆయనకే తెలిసొచ్చింది. గాలిదుమారం లేచి సాంఘికశాస్త్రం గైడులోంచి అశోకుడు ఎగిరిపోయి, పక్కింటి కుర్మయ్య బర్రె ముందు పడ్డాడు. ఈయన వెళ్ళేసరికి కళింగ యుద్ధం అయిపోయింది.

"మీ గేదె అశోకుణ్ణి తినేసిందయ్యా" అన్నారు రొప్పుతూ.

"నా బర్రె గసోంటిది గాదు సార్. పొద్దుగాల్నుంచి జొన్నసొప్పే తిన్నది" అన్నాడు కుర్మయ్య.

వీరభద్రం గారింట్లో సత్యనారాయణ వ్రతం రోజున కూడా ఇంతే. మొదటి కథ అవగానే కృష్ణారావు గారు లేచి, "అందరూ ఒక్కసారి లేవాలి" అన్నారు. ఏదో ఆచారం కాబోలనుకుని పీటల మీద దంపతులతో సహా అందరూ లేచి మెడలు తిప్పారు. రెండో కథకీ తిప్పారు. పంతులు గారు కళ్ళెర్రజేశారు గానీ, మూడో కథ అయ్యేసరికి ఆయన మోకాళ్ళు కూడా పట్టేశాయి. నాలుగో కథకి ఎవరూ చెప్పకుండానే లేచారు. ఆ తర్వాత పంతులు గారు ఆ కాలనీలో ఎక్కడ వ్రతం చేయించినా, "మీ తెనాలాయన్ని పిలిచారా?" అని అడిగేవారు.

ఇవన్నీ దుర్గాబాయికి నవ్వుకోడానికి బాగానే ఉండేవి, ఆయన తన గుమ్మంలోకి రానంతకాలం.

దుర్గాబాయిది కాలనీ చివర రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన కుట్టుమిషను. మొగుడు బాలమల్లు ఆటో నడిపేవాడు. నిరుడు దసరా ముందు గుండెనొప్పితో పోయాడు. అప్పట్నుంచి ఆమె మిషను ముందు కూర్చుంటే కూర్చున్నట్టే. నాగారంలో ఉండే తమ్ముడు బాలేష్ వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఒక్కదానివి గీడేం జేస్తవక్కా. సామాన్లు సర్దు, మా ఇంటికి పోదాం."

"బళ్ళు తెరిచేదాక ఆగురా" అందామె. "ఇస్కూలోల్లు పిల్లలకు తెల్లచొక్కాలు కుట్టమన్నరు. గిది యాళ్ళకు ఇస్తే ఏడాది పొడుగున పని నాకే ఇస్తమన్నరు. ఇయ్యకుంటే నువ్వు చెప్పినట్టే ఇంట."

బాలమల్లు నిలబెట్టిన గోడలు అవి. వాటిని వదిలి పోవాలా ఉండాలా అన్నది ఇప్పుడు ఆ తెల్లచొక్కాల మీదే ఉంది. ఇంత పనిలో మునిగున్న మనిషికి గంటకోసారి గుమ్మంలో ఓ గొంతు వినపడేది.

"దుర్గాబాయమ్మా, కాసిని మంచినీళ్ళు."

"మీ ఇంట్ల ఫిల్టరున్నది గద సార్."

"ఫిల్టరు నీళ్ళు చప్పగా చస్తాయమ్మా. మీ రంజను నీళ్ళే నీళ్ళు."

రంజను, అంటే ఆ పెద్ద నీళ్ళకుండ, పెరట్లో చింతచెట్టు నీడన ఉంది. మిషను ఆపాలి, లేవాలి, వంటగది దాటాలి, పెరట్లోకి దిగాలి. తెచ్చిన చెంబు అందుకుని ఆయన వెంటనే తాగుతారా అంటే అదీ లేదు.

"మీరూ తాగండి. ఒక్కణ్ణే తాగితే నాకు పొలమారుతుంది."

"నాకు దూప లేదు సార్."

"అయితే ఉంటాను, దాహమయ్యేదాకా."

ఆయన్ను పంపడానికైనా తాగేది. మళ్ళీ మిషనెక్కి, దారం ఎక్కించి, వరస కుదిరేసరికి మళ్ళీ అదే గొంతు. ఈ సారు నీళ్ళు తాగుతుండా, తన పాణం తాగుతుండా అనిపించేది. ఎదురింటి యాదవ్వతో మొత్తుకుంది కూడా.

"పరేషాన్ జేస్తుండు అవ్వా. ఎడ్లు గూడ గిన్ని నీళ్ళు తాగయి."

"ఎడ్లకు తెలివున్నది బిడ్డా" అంది యాదవ్వ.

బళ్ళు తెరిచే రోజు దగ్గరపడింది. ఓ పొద్దున దుర్గాబాయి తలుపు గడియ పెట్టేసుకుంది. ఆయన వచ్చి పిలిచారు. ఆమె లేవకుండానే, "నీళ్ళు అయిపోయినయి సార్" అని కేకేసింది. బయట చెప్పుల శబ్దం మెల్లగా దూరమైంది.

పీడ పోయిందనుకుని ఆ రోజంతా కదలకుండా కుట్టింది. అన్నం మర్చిపోయింది, నీళ్ళు మర్చిపోయింది. పొద్దు వాలుతుండగా లేవబోతే కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి ఆమె మాట వినలేదు. బట్టల కుప్ప మీదే బోర్లా పడింది. పడ్డచోటే కళ్ళు చికిలించి చూస్తే, ముక్కుకు తగిలిన చొక్కా జేబు కుడివైపున ఉంది. పక్కదీ కుడివైపే. ఆ రోజు కుట్టిన జేబులన్నీ కుడివైపే ఉన్నాయి.

కుట్లు విప్పడానికి ఇంకో బ్లేడు కోసం, తోడు కోసం, ఏడుపు ఆపుకుంటూ, తప్పులు దిద్దే మనిషి కదా అని కృష్ణారావు గారింటికే పరుగెత్తింది. ఆయన బజారుకు వెళ్ళారు. భార్య కామేశ్వరి గారు బ్లేడు తెచ్చి, ఆమెతో పాటే వచ్చి, కుట్లు విప్పడానికి కూర్చుంది.

"పొద్దంతా లేవనే లేదా?" అంది ఓ జేబు ఊడదీస్తూ.

"సారు మీద కోపంతోని లేవలేదమ్మా. నీళ్ళు లేవని అబద్ధమాడిన."

"ఆయనా చెప్పారు. ఇవాళ మా ఇంట్లో బాత్రూము తలుపుకు విశ్రాంతి" అంది కామేశ్వరి గారు. "ఏం చెప్పమంటావు దుర్గా, మీ ఇంట్లో చెంబులకు చెంబులు తాగొచ్చి మా ఇంట్లో పరుగులు. ప్రూఫులు ముందుకు సాగవు. విసుగొచ్చి ఓ రోజు అడిగేశాను, ఇంట్లో నీళ్ళు పెట్టుకుని ఊరి మీద పడతారేమిటని."

"ఏమన్నడమ్మా?"

"'బాలమల్లు పోయాక ఆవిడ ఆ మిషను దగ్గరే ఉండిపోయింది కామేశ్వరీ. లేచి తిను, లేచి తాగు అంటే వింటుందా? గుమ్మంలోకొచ్చి దాహం అన్నవాణ్ణి మాత్రం కాదనలేదు. అందుకే నేను అడుగుతాను, ఆవిడ లేస్తుంది' అన్నారు." కామేశ్వరి గారు దారం ముక్కలు దులిపింది. "నేను చెప్పానని అనకు. ఆయనకు నిజంగానే పొలమారుతుంది."

దుర్గాబాయి చేతిలో ఉన్న జేబు ఊడదీసి పక్కన పెట్టింది. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళి, ఇద్దరికీ నీళ్ళు తెచ్చింది.

మర్నాడు కృష్ణారావు గారు గుమ్మం దాకా రాలేదు. రోడ్డు మీదే నడుస్తూ కిటికీ వైపు ఓ చూపు విసిరి పోతున్నారు.

"సార్, నీళ్ళొచ్చినయి" అని పిలిచింది దుర్గాబాయి.

ఆయన సంబరంగా వచ్చి చెయ్యి చాచారు. చేతిలో పడింది చాయ్ తాగే బుల్లి గ్లాసు.

"ఇంత చిన్నదేంటమ్మా?"

"పెద్దయి తోమాలె సార్. కొన్ని దినాలు గిట్లనే సర్దుకోండ్రి" అని, ఆమె మాత్రం చెంబెత్తి గటగటా తాగింది. ఆయన ఆ రెండు గుక్కలూ తాగి, ఎంత హాయిగా నిట్టూర్చారో చెప్పలేం.

బళ్ళు తెరిచేనాటికి చొక్కాలన్నీ తయారయ్యాయి, జేబులు ఎడంవైపునే. సామాన్లు తీసుకుపోదామని బాలేష్ ట్రాలీ ఆటో తెచ్చాడు. అక్క అందులో బట్టల మూటలు ఎత్తించి, ఇస్కూలుకు తోలమంది. దింపొచ్చి, ఏడాది పొడుగునా పని ఆమెదేనన్న కబురు మోసుకొచ్చి, వాడు గడప మీద కూలబడ్డాడు. అంతలో కృష్ణారావు గారు వచ్చారు, ముందు వాణ్ణి లేపి మెడ తిప్పించారు, బుల్లి గ్లాసు ఖాళీ చేశారు, వెళ్ళిపోయారు.

బాలేష్ మెడ పట్టుకుని చూస్తుండిపోయాడు.

"ఎవలక్కా గీ సారు?"

"మంచోడురా. జరంత దూప ఎక్కువ."

"సరే గని, ఇగ నాగారం ఎప్పుడొస్తవు?"

దుర్గాబాయి గ్లాసు కడిగి బోర్లించింది.

"నేనొస్తే ఆయనకు నీళ్ళెవలిస్తర్రా" అంది.