ఒళ్ళు సల్లబడతాండాది

తొంభై ఏడులో మదనపల్లెలో నర్సింగు మూడో ఏడు చదువుతున్నాను. ఓ మధ్యాహ్నం పిల్లల వార్డులో కూర్చుని, రోగి ఇంటివాళ్ళతో ఎలా మాట్లాడాలనే పాఠానికి చార్టు రాసుకుంటున్నాను. జ్వరంతో చేరిన మూడేళ్ళ బాబు తల్లి, రామసముద్రం ఆమె, నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డకు ఒళ్ళు సల్లబడతాండాదమ్మా, సూస్తావా?"

జ్వరం దిగుతోందనుకున్నాను. తలెత్తకుండానే, "మంచిదేలేమ్మా, పడుకోనీ" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. వెళ్ళి బాబుకు దుప్పటి కప్పి, జోకొడుతూ కూర్చుంది.

అరగంటకు థర్మామీటరు తీసుకెళ్ళి దుప్పటి తొలగించాను. బాబుకు ఊపిరి లేదు.

"మంచిదే అంటివి కదమ్మా" అందామె, మెల్లగా.

ఆ చార్టుకు క్లాసులో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఇప్పుడు ఏ తల్లి పిలిచినా లేచి వెళ్ళి బిడ్డ ఒంటి మీద చెయ్యి వేస్తాను.