పుక్కిలించిన నీళ్లు

మా అమ్మాయి పాలపళ్లు పుచ్చిపోయి చాలా బాధ పెట్టాయి. ఏడో ఏట కొత్త పళ్లు వస్తుంటే, వీటినైనా కాపాడుకోవాలని వనపర్తిలో పళ్ల డాక్టరుకు చూపించాను. పళ్లు తోమాక పుక్కిలించడానికి ఆయన మౌత్‌వాష్ సీసా ఒకటి రాసిచ్చాడు.

"మింగొద్దు, ఉమ్మెయ్యాలె. ఉమ్ముడు మంచిగ వచ్చినంకనే మొదలువెట్టు తల్లీ" అన్నాడు.

నేను బడికి పోయింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. డాక్టరు చెప్పినా మనసు ఊరుకోక, అక్కడ పిల్లల ఆరోగ్యం మీద ఒక పుస్తకం వెతికి చదివాను. ఆరేళ్లు నిండని వాళ్లకు ఇవ్వకూడదు, మింగితే కడుపులో తిప్పుతుంది, ముందు మంచినీళ్లతో అలవాటు చేయాలి అని ఉంది. అమ్మాయికి ఆరు దాటింది కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టాను.

పెరట్లో నిలబెట్టి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చాను. బుగ్గలు ఉబ్బించి బాగానే పుక్కిలించింది. ఆ వెంటనే గుటుక్కున మింగేసింది.

"ఉమ్మాలె బిడ్డా, మింగుతరా?"

"అవ్వనే మింగుమన్నది గదా!"

అప్పుడు వెలిగింది నాకు. తెలకపల్లి దగ్గర మా ఊళ్లో ఆ ఏడు బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు వస్తేనే నీళ్లు. అన్నం తిన్నాక నోరు పుక్కిలించి ఆ నీళ్లు మింగేయడం మా అత్తమ్మకు ఎప్పటినుంచో అలవాటు. నీళ్లు వృథా చేయొద్దని మనవరాలికీ అదే నేర్పింది. ఉమ్మడం రాని పిల్లల సంగతి పుస్తకంలో ఉంది గానీ, ఉమ్మితే తప్పనుకునే పిల్ల సంగతి లేదు.

బతిమాలాను, గదమాయించాను. లాభం లేదు. సీసా మూత తీయకుండానే గూట్లో ఉండిపోయింది. కొత్త పన్ను మీద చిన్న మచ్చ కనబడినా దాన్ని వెలుతురులోకి లాక్కొచ్చి నోరు తెరిపించి చూసేదాన్ని.

ఇదంతా గడప మీద కూర్చుని చూస్తున్న అత్తమ్మ నవ్వింది. "ఏందే పిల్లా, నీ లైబ్రరీ బుక్కులల్ల దీనికి ఉపాయం లేదా?"

"నువ్వు నేర్పిందే గదా అత్తమ్మా. నేను జెప్తే ఇంటలేదు. జర నువ్వే జెప్పు."

ఆమె లేచి అమ్మాయిని నిమ్మచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. "ఇగో, దీని మొదట్ల ఉమ్ము. చెట్టు తాగుతది. నీళ్లు ఖరాబ్ గావు."

"నిజంగనా అవ్వా?"

"నేను జెప్తున్న గద. ఉమ్ము."

ఉమ్మింది. సగం గౌను మీదే పడింది. ఆ రోజు నుంచి పొద్దున్నే చెట్టుకు నీళ్లు తాపడం దానికి పెద్ద ఆట అయింది. మింగడం మానేసిందని నమ్మకం కుదిరాక సీసా తెరిచాను. మూతలో డాక్టరు చెప్పినంత పోసి ఇచ్చి, నా కళ్లకు కనబడేలా ఖాళీ గ్లాసులో ఉమ్మమన్నాను.

పోసినదానికంటే కాస్త ఎక్కువే, నురుగుతో సహా, గ్లాసులో ఉంది. హమ్మయ్య అనుకున్నా, మళ్లీ అడిగాను.

"ఏమన్న మింగినవా?"

"లేదమ్మా, మండుతుంది!" అని నాలుక బయటపెట్టి చేత్తో విసురుకుంది. అంతలోనే గ్లాసు పట్టుకుని నిమ్మచెట్టు వైపు ఉరికింది.

అత్తమ్మ అడ్డం పడింది. "ఓ పిల్లా! గా మందునీళ్లు నా చెట్టుకు పొయ్యకు. మోరిల పారబొయ్యి!"

అమ్మాయి నమ్మలేనట్టు నా వైపు చూసింది. మురుగుకాలువలోనే పొయ్యమని తలూపాను. ఆ కరువులో, మోరీలోకి పోతున్న నీళ్లను చూసి నేను సంతోషపడింది ఆ ఒక్కసారే.