మీసం లేని రేవు

మా బావ గురించి నలుగురూ అన్న మాటలు ముందుగా రాసి పెడతాను. ఆయన ఒట్టి పిరికివాడని మా అమ్మాయి అంది. పెళ్ళాన్ని బయటికి తీసుకెళ్ళడం ఇష్టంలేక సాకులు వెతుకుతున్నాడని మా ఆవిడ అంది. తనకు మీసం సరిగా మొలవదు గనుక మీసమున్న మగవాళ్ళంటే ఆయనకు కడుపుమంట అని ఆయన దుకాణానికి ఎదురుగా ఉండే మంగలి అన్నాడు. గడ్డానికి సబ్బు పట్టించాక ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు. సబ్బు నోట్లోకి పోతుందన్న భయంతో ఎవరూ కాదనలేదు. ఏ విషయమూ తేల్చుకోలేని మనిషి అని నేనన్నాను. నాలుగు మాటలూ తప్పే. వాటిలో నా మాట మరీ తప్పు, ఎందుకంటే ప్రమాద బీమా దరఖాస్తుల్లో నిజమెంతో కల్పనెంతో తేల్చడమే ముప్పై మూడేళ్ళపాటు నా ఉద్యోగం.

సంగతి ఇది. స్కూబా డైవింగ్ చేయాలనుకునేవాళ్ళు మొట్టమొదట ఎక్కడ దిగాలి అన్న ఒక్క ప్రశ్న మీద మా బావ నాలుగేళ్ళు గడిపాడు. లోతు తక్కువగా ఉండాలి, అలలు ఉండకూడదు, నీరు తేటగా ఉండాలి అని తెలిసినవాళ్ళందరూ చెప్పారు. ఆయన అన్నీ విన్నాడు. పదకొండు చోట్లకు వెళ్ళాడు. ఏ చోటా నీళ్ళకేసి చూడలేదు. అక్కడ నేర్పే మనిషి మొహం చూసి తిరిగొచ్చాడు.

కోరిక ఆయనది కాదు, మా చెల్లెలిది. బావకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దాల కంపెనీవాళ్ళు పంపిన కాలెండరులో ఒక నెలకు ఒక బొమ్మ వేశారు: సముద్రం అడుగున నలుగురు మనుషులు, వీపున సిలిండర్లతో, ఇసుక మీద గుండ్రంగా కూర్చుని ఒకరికొకరు వేళ్ళు చూపించుకుంటున్నారు. మా చెల్లెలు ఆ బొమ్మ మీద చేయి పెట్టి, "ఏమండీ, నన్నొక్కసారి ఇక్కడికి తీసుకెళ్ళండి" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదేనని బావే నాతో చెప్పాడు. ఆ ఏడాది అయిపోయింది, ఆ తరవాతి ఏడాదీ అయిపోయింది, గోడమీద ఆ నెల మాత్రం పోలేదు.

మా చెల్లెల్ని చిన్నప్పుడు పిచ్చుక అని పిలిచేవాళ్ళం. ఇంట్లో పదిమంది మాట్లాడుతుంటే పదకొండో గొంతూ ఆమెదే, ఆ పదిమందికీ జవాబులూ ఆమెవే. అటువంటి మనిషి కొన్నేళ్ళుగా నలుగురు చేరిన చోటికి రావడం తగ్గించింది. వచ్చినా వంటగదిలో దూరేది. ఫోను చేస్తే బావే ఎత్తేవాడు. దుకాణంలో ముందు కూర్చుని గిరాకీలతో బేరాలాడిన మనిషి, వెనక గదిలో ఫ్రేములకు మరలు బిగించుకుంటూ ఉండిపోయింది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుంటే నా మొహంలోకి కాసేపు చూసి, నవ్వి, లేచి వెళ్ళిపోయేది. గర్వం పట్టుకుందని నేను తీర్మానించాను. అయినా చెల్లెలు కదా. ఆ సముద్రమేదో చూపిస్తే పాత పిచ్చుక తిరిగొస్తుందేమోనని మా ఇంటిల్లిపాదికీ ఆశ. బావ ఆలస్యం మమ్మల్ని అంతగా కాల్చింది అందుకే.

మొదటి చోటు ఒక దీవి. పేరు మోసిన చోటు. పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా మా ఇంటికి వచ్చేశాడు. మా అమ్మాయి ఎదురెళ్ళింది.

"నీళ్ళెలా ఉన్నాయి మామయ్యా?"

"నీళ్ళా? ఉన్నాయమ్మా."

"తేటగా ఉన్నాయా?"

"చూడలేదు. నేర్పేవాడికి మీసముంది."

"మీసముంటే?"

"మామూలు మీసం కాదు, చీపురు. ముక్కు కింద మొదలై నోరంతా కప్పేసింది."

"అతని మీసంతో మనకేం పని?"

"మీసమున్నవాళ్ళకు మాస్కు మొహానికి సరిగా అతుక్కోదట. లోపలికి నీళ్ళొస్తాయట."

"వస్తే అతనికొస్తాయి, మీకేంటి?"

"పాపం కదమ్మా!" అన్నాడు బావ.

నాకూ మీసముందని ఇక్కడే ఒప్పుకోవడం న్యాయం. దాని వయసు నలభై ఒక్క సంవత్సరాలు. మా అమ్మాయికంటే పదిహేనేళ్ళు పెద్దది కనక ఇంట్లో దానికి కొంత మర్యాద ఉంది. బావ చీపురన్నప్పుడు నేను పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాను.

రెండో చోట నేర్పేవాడికి మీసం లేదు, కానీ చూయింగ్ గమ్ నములుతాడట. "దవడ ఒక్క క్షణం ఆగదు బావగారూ, కుట్టుమిషన్ లాగా!" మూడో చోట తెల్లవారకముందే పడవ ఎక్కించి ఆ చీకట్లోనే పాఠం చెబుతారట. సూర్యోదయం చూడొచ్చు కదా మామయ్యా అని మా అమ్మాయి అంటే, "సూర్యుడు నేర్పడు కదమ్మా స్కూబా" అన్నాడు. నాలుగో చోట నల్లబల్ల మీద రాస్తూ చెబుతాడు. "వీపుతో మాట్లాడే మనిషి" అని కొట్టేశాడు. అయిదో చోట మీసం లేదు, గమ్ లేదు, చీకటి లేదు, నల్లబల్ల లేదు. ఇంకేముంది, కుదిరిందనుకున్నాం.

"కుదరలేదు. మాట్లాడినంతసేపూ నవ్వుతాడు."

"ఏడుస్తూ మాట్లాడేవాణ్ణి వెతుకుతున్నారా మామయ్యా?"

"ఏడ్చినా కష్టమేనమ్మా" అన్నాడాయన, చాలా సీరియస్‌గా ఆలోచించి.

ఎనిమిదో చోటికి నేను స్వయంగా వెంట వెళ్ళాను. మనిషి మీద అపనింద వేసేముందు కళ్ళతో చూడాలన్నది నా నియమం. అక్కడి శిక్షకుడు నున్నగా గీసుకున్న గడ్డంతో, ఓపికగా మమ్మల్ని కూర్చోబెట్టాడు. బావ ఆయన్ను లోతెంత అని అడగలేదు. సొరచేపలున్నాయా అని అడగలేదు. గాలి అయిపోతే ఏం చేస్తారనీ అడగలేదు. లేచి గది బయటికి వెళ్ళి, అద్దం తలుపు గట్టిగా మూసి, అవతలి నుంచి సైగ చేశాడు, మాట్లాడమని.

"ఏం మాట్లాడమంటారండీ?" అని శిక్షకుడు నన్నడిగాడు.

"నాకు తెలియదు. ఆయన మా చెల్లెలి భర్త" అన్నాను. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

శిక్షకుడు అద్దానికి ఎదురుగా నిలబడి సముద్రం గురించి నాలుగు మాటలు చెప్పాడు. బావ కళ్ళు చిట్లించి చూసి, లోపలికొచ్చి చేతులు జోడించాడు. "మీరు చాలా మంచివారండీ. కానీ మాటలు పళ్ళ వెనకే ఉండిపోతున్నాయి." వచ్చేటప్పుడు ఆ మనిషి మర్యాదకొద్దీ, "మా పడవ ఇంజను చప్పుడు కూడా ఎక్కువేలెండి, చెవులు బద్దలవుతాయి, మీకు నచ్చేది కాదు" అన్నాడు. "అయ్యో, దానికేం, చప్పుడు మంచిదే" అన్నాడు బావ.

ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. పెదవి మీది వెంట్రుకను సహించనివాడు చెవులు బద్దలయ్యే చప్పుడును మెచ్చుకోవడమేమిటి? దరఖాస్తుల్లో ఇలాంటిది కనబడితే నేను ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. ఇంటి మనిషి కనక, పిచ్చి అని రాసేసుకుని ఊరుకున్నాను.

పదకొండోది కూడా తప్పిపోయాక మా అమ్మాయి ఓర్పు నశించింది. దుకాణానికి వెళ్ళి బల్ల ముందు నిలబడింది. వెంట నేనూ ఉన్నాను.

"మామయ్యా, వచ్చే ఆదివారం అత్తయ్యను నేనే తీసుకెళ్తున్నా. ఆ దీవికే. మాట్లాడేశాను."

"ఆ చీపురు దగ్గరికా?"

"ఆ చీపురు దగ్గరికే. వంద మందికి నేర్పాడట."

కొలతకు తెచ్చిన కళ్ళజోడు బావ చేతిలోంచి జారింది. వెనక గదిలో మరలు బిగిస్తున్న మా చెల్లెలు తలెత్తి మా ముగ్గురి మొహాలూ వరసగా చూసి, మళ్ళీ తల దించుకుంది.

"ఒక్క వారం ఆగమ్మా. నీకు దణ్ణం పెడతాను. ఈ వారంలో దొరక్కపోతే... అసలు వద్దులే అని మీ అత్తయ్యకు నేనే చెప్పేస్తాను."

నాలుగేళ్ళ కోరిక ఆ ఒక్క వారంలో ఉందన్నమాట.

శనివారం బావ పరుగున వచ్చాడు. "దొరికింది! నేర్పేది ఒకావిడ. అబ్బ, ఏం నోరు బావగారూ! ఇంత పెద్ద నోరు. ఒక్కొక్క మాటా పళ్ళెంలో పెట్టి అందిస్తుంది." యాభై ఎనిమిదేళ్ళ మనిషి పరాయి స్త్రీ నోటిని ఇలా పొగడడం మా ఇంట్లో అదే మొదలు. మా ఆవిడ గ్లాసులో కాఫీ సగమే పోసి ఇచ్చింది.

ఆదివారం వెళ్ళి చూద్దుము కదా, అదొక చిన్న రేవు. పక్కనే ఐసు ఫ్యాక్టరీ. దాని యంత్రాల మోతకు గట్టు మీది రాళ్ళు కూడా అదురుతున్నాయి. నీళ్ళు పాకుడు రంగు. లోతు రెండు నిలువులు. అడుగున ఏముంటాయని అడిగితే, "టైర్లుంటాయి. అదృష్టముంటే పీత" అని ఆవిడ నోరంతా తెరిచి చెప్పింది. ఇందుకా నాలుగేళ్ళు అన్నట్టు మా అమ్మాయి నన్ను చూసింది.

పది గంటల ఎండ ఆవిడ మొహం మీద సూటిగా పడుతోంది. మా చెల్లెలూ మా అమ్మాయీ ఎదురుగా కూర్చున్నారు. బొటనవేలు పైకి చూపితే పైకి వెళ్దామని, వేళ్ళతో సున్నా చుడితే బాగున్నానని, అరచేయి అటూ ఇటూ ఊపితే బాగాలేదని ఆవిడ చెప్పుకుపోతోంది. ఇదంతా నాకు తరవాత తెలిసింది, ఆ మోతలో ఒక్క ముక్క వినపడలేదు. మా అమ్మాయికీ అంతే.

"ఏంటీ? ఏమన్నారు అత్తయ్యా?"

"చెవి నొప్పి పుడితే చెవి చూపించాలట" అని మా చెల్లెలు అరిచింది.

"ఇప్పుడేమన్నారు?"

"ఊపిరి బిగబట్టకూడదట. నీ మొహం, నీకు చెవులున్నాయా లేవా?"

నేను నిటారుగా కూర్చున్నాను. యంత్రాలకు నా గొంతు నాకే వినపడని చోట, మా చెల్లెలికి ఒక్క అక్షరం పొల్లు పోవడం లేదు. ఆమె కళ్ళు ఆవిడ పెదవులను వదలడం లేదు. ఇంతలో ఆవిడ సముద్రం వైపు తిరిగి వేలు చూపిస్తూ ఏదో చెప్పింది. మా చెల్లెలి మొహం దీపం ఆర్పినట్టయింది. వెంటనే బావ ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ భుజం తట్టాడు: "ఇటు తిరిగి చెప్పండమ్మా." ఆవిడ తిరిగింది. దీపం మళ్ళీ వెలిగింది.

మీసం. గమ్. చీకటి. వీపు. నవ్వు. అద్దం తలుపు. అందరి చెవులనూ సమానం చేసే మంచి చప్పుడు. నాలుగేళ్ళుగా నా కళ్ళెదుట ఉన్న కాగితాలన్నీ ఒక్క దారానికి వచ్చి కూర్చున్నాయి.

వాళ్ళు ముగ్గురూ నీళ్ళలో దిగాక నేను బావ పక్కన చేరాను. ఆయన ఒళ్ళో రెండు తువ్వాళ్ళు, మా చెల్లెలి కళ్ళజోడు పెట్టె.

"ఎప్పటినుంచి?"

"ఆఁ?"

"ఎప్పటినుంచి అంటున్నా!"

అయిదేళ్ళు దాచిన రహస్యాన్ని ఆయన నా చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. "అయిదేళ్ళు! చెవి నరం దెబ్బతిందన్నారు! ఇప్పుడు పూర్తిగా పోయింది! పెదవులు చూసి పట్టేస్తుంది!"

"నీళ్ళలో దిగొచ్చా మరి?"

"డాక్టరుగారు ఈ లోతుకు సరేనని రాసిచ్చారు! కోచ్‌కి కూడా నిన్ననే చెప్పాను! మీకు మాత్రం చెప్పొద్దంది!"

"ఎందుకు?"

"జాలిపడతారట! అన్నయ్య జాలిపడితే తట్టుకోలేనంది!"

"అందుకని ఊరంతా నిన్ను వెర్రివాడంటే పడ్డావా?"

"ఇద్దర్లో ఎవరో ఒకరు పడాలి కదా! నాకలవాటే!"

నేను ఇంకొక ప్రశ్న అడగవలసి వచ్చింది. "నేను మాట్లాడితే లేచిపోయేది. గర్వమనుకున్నాను."

బావ నా మొహం వైపు చూశాడు. ముక్కు కిందికి చూశాడు. మర్యాదస్తుడు కనక తువ్వాలు మడతపెట్టుకోసాగాడు.

ఇరవై నిమిషాలకు తలలు తేలాయి. మా అమ్మాయి గట్టెక్కుతూనే మొదలుపెట్టింది. "నాన్నా, అత్తయ్య నీళ్ళ అడుగున కూడా ఊరుకోలేదు! చేతులతో వాగుతూనే ఉంది! కోచ్‌కి తను చెప్పడం, నాకు తను చెప్పడం, ఆఖరికి పీతకు కూడా చెప్పింది!"

"చెప్పనా మరి? నువ్వు చెవి చూపించావు, ఆవిడ చూడలేదు, నేను చూసి ఆవిణ్ణి గిల్లాను. నేనే లేకపోతే నీ పనేమయ్యేది? ఏమండీ, టైరులో పీత ఉంది. ఇంత ఉంది. ఆవిడ నాతో ఏమందో తెలుసా..." బావ తువ్వాలు కప్పుతున్నాడు, ఆమె చెబుతూనే ఉంది. బట్టలు మార్చుకుంటూ చెప్పింది, దారంతా చెప్పింది. కింద అందరూ చేతులతోనే మాట్లాడుకునే చోట, ఆ గుంపులో అందరికంటే బాగా అందుకున్నది మా పిచ్చుకే.

మరునాడు పొద్దున నేను మంగలి దగ్గర కూర్చున్నాను. నేనడిగింది విని అతను కత్తి కింద పెట్టేశాడు. "నలభై ఏళ్ళ మీసమండీ! ఇంట్లో ఏదైనా అశుభమా?" నేను అద్దంలోకి చూస్తూ, గీసేయమని మీసం మీద వేలు పెట్టి చూపించాను. అక్కణ్ణుంచి లేచి సరాసరి రోడ్డు దాటాను.

మా చెల్లెలు ఆ రోజు దుకాణంలో ముందు బల్ల దగ్గరే ఉంది. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యా! నీకు పైపెదవి ఉందా!"

"ఉందట. నేనూ ఇవాళే చూశాను" అన్నాను, నెమ్మదిగా, వెలుతురు వైపు తిరిగి.

ఆమె భర్తను చూసింది. "చెప్పేశారా?"

"మీ అన్నయ్యే పట్టేశాడు. నేను అరిచానంతే" అన్నాడు బావ, భయంభయంగా.

ఆమె కోప్పడలేదు. కుర్చీ నా ఎదురుగా లాక్కుని, అయిదేళ్ళుగా నాకు చెప్పవలసినవన్నీ వరసగా మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా నేను నాలుగు మాటలన్నాను. నాలుగూ ఆమెకు అందాయి.

ఇక మొదట రాసిన మాటల సంగతి. మా బావకు నీళ్ళంటే భయమున్న మాట నిజం. ఈనాటికీ మోకాలి లోతు దాటి దిగలేదు. కానీ ఆలస్యానికి కారణం అది కాదు. భార్యను తీసుకెళ్ళడం ఇష్టంలేక కాదు, మీసాల మీద అసూయతో కాదు, తేల్చుకోలేక అసలే కాదు. మా బావ చేసింది ఇది: మొదటిసారి దిగే తన భార్యకు ఒక్క మాట కూడా జారిపోని చోటు కోసం పన్నెండు రేవులు తిరిగాడు, ఆమె గుట్టు దాచడానికి తాను వెర్రివాడనిపించుకున్నాడు, దొరికిన రోజున తువ్వాళ్ళు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.