నా మాట వినని నర్సు

బంగారు గనులు మూతపడిన మరుసటి ఏడాది, అక్కడి చాంపియన్ రీఫ్స్ గని దగ్గరి ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను. వార్డు నర్సులు, వాళ్ల మీద ఇన్‌ఛార్జి సిస్టర్లు, అందరి మీదా నేను. పొద్దున డ్యూటీ మారే ముందు ప్రార్థన నడిపే పని కూడా నాదే. పైవారికి లోబడటం దేవునికి లోబడటమేనని వారంలో మూడు రోజులైనా చెప్పేదాన్ని. పైవారంటే నేనే కదా, చెప్పడానికి హాయిగా ఉండేది.

మగవాళ్ల వార్డులో ఎక్కువమంది పాత గని కార్మికులే, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నవాళ్లు. ఒక మధ్యాహ్నం నేను రౌండుకు వెళ్లేసరికి మునియప్ప అనే ఆయన ఎగపోస్తున్నాడు. భార్య ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇంగ కొంచెం గాలి పెంచమ్మా. ఈయప్ప పడే బాధ చూడలేక ఉండాను."

ఆక్సిజన్ పెంచమని డ్యూటీలో ఉన్న భాగ్యకు చెప్పాను. దగ్గరి టేకల్ ఊళ్లోని రైతుల బిడ్డ, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. సిలిండర్ మీద చెయ్యి వెయ్యలేదు.

"మేడమ్, డాక్టరు రెండు లీటర్లే అని రాసిండారు. పిలిపించినాను, వస్తా ఉండారు. అడక్కుండా పెంచేది లేదు."

నేనే పెంచబోతే అడ్డం నిలబడింది! వార్డంతా చూస్తోంది. తల కొట్టేసినట్టయింది. నేరుగా ఆఫీసుకు పోయి, పైఅధికారి ఆదేశం ధిక్కరించినందుకు సంజాయిషీ ఇమ్మని మెమో రాశాను. ప్రొబేషన్‌లో అలాంటి మెమో వస్తే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే.

డాక్టరు వచ్చి, మునియప్పను కూర్చోబెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, ఆయాసం తగ్గాక నా గదికి వచ్చారు. అలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ ఎక్కువైతే శ్వాసే మందగిస్తుంది, మీరు పెంచి ఉంటే మనిషి మత్తులోకి జారిపోయేవాడు అన్నారు. నాకు తెలియని సంగతి కాదది. మొదట ఆ ఇల్లాలి ఏడుపు, తర్వాత నా పరువు, ఈ రెండే కనబడ్డాయి. చార్టు చూడలేదు.

బల్ల మీది మెమో చూసి ఆయన ఒకటే అడిగారు. యేసు దగ్గరికి వచ్చిన శతాధిపతి, ఆ వందమంది సైనికుల అధికారి, తన గురించి ముందు ఏం చెప్పుకున్నాడు? నేనే పదిసార్లు చెప్పిన పాఠం. తానూ ఒకరి అధికారం కింద ఉన్నవాడినని ముందు చెప్పి, ఆ తర్వాతే తన సైనికులు తన మాట వింటారని అన్నాడు. నేనెప్పుడూ రెండో సగమే చెబుతూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మెమోకు అప్పటికే ఆఫీసు రిజిస్టరులో నంబరు పడిపోయింది, చించడానికి లేదు. చార్టు చూడకుండా ఆదేశించిన తప్పు నాదేనని దాని కిందే రాసి సంతకం చేశాను. మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ భాగ్యను క్షమాపణ అడిగాను.

"అయ్యో, వద్దు మేడమ్, మీరు పెద్దోళ్లు" అని ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

పెద్దదాన్ని గనకే అడుగుతున్నానన్నాను. నాలుగు రోజులకు మునియప్ప తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు. దేవునికి స్తోత్రం, భాగ్యకు కూడా.

నా మాటకూ చార్టుకూ తేడా వస్తే ఎవరైనా నన్ను ఆపవచ్చని అప్పుడే నియమం పెట్టాను. నా అధికారం డాక్టరు రాత కింద, మా ఇద్దరిదీ దేవుని కింద అని అర్థమయ్యాక అది కష్టమనిపించలేదు. ఆ ఏడాదిలో ముగ్గురు నర్సులు నన్ను ఆపారు. ఇద్దరు పొరబడ్డారు. ముగ్గురికీ థాంక్స్ చెప్పాను.