చిన్నమామ పక్క సీట్లో

మంగళవారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటే ఫోన్ మోగింది. క్లాసులో ఉన్నప్పుడు నేను ఫోన్ ఎత్తను. మూడోసారి కూడా మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తాను. చిన్నమామ కూతురు. "వదినా, నాయన పోయినాడు" అంది. ఉదయగిరిలో ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, తల వెనక్కి వాల్చాడట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు.

మరుసటి రోజు పేపర్లో, జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. మాజీ జాతీయ ర్యాలీ ఛాంపియన్ కన్నుమూత అని. అది చదివి ఉదయగిరిలో చాలామంది తెల్లబోయారు. వాళ్లకు తెలిసిందల్లా ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డాయన. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ర్యాలీ అంటే ఏ పార్టీదమ్మా?" అని అడిగాడు. ఆ రోజు ఆయనకు జవాబు చెప్పే స్థితిలో లేను. ఇప్పుడు చెబుతాను.

ర్యాలీ అంటే కార్ల పందెం. కానీ అన్ని కార్లూ ఒకేసారి బయలుదేరవు. అడవిలోనో కొండమీదనో ఒక మట్టి రోడ్డు మూసేసి, ఒక్కొక్క కారునూ విడివిడిగా వదులుతారు. ఎవరు తక్కువ టైములో చేరితే వాళ్లది గెలుపు. కార్లో ఇద్దరుంటారు. ఒకరు తోలుతారు. పక్క సీట్లో ఉన్న నావిగేటర్, ముందురోజు అదే రోడ్డులో మెల్లగా తిరిగి రాసుకున్న పుస్తకం చూసి, వచ్చే మలుపు ఎట్లాంటిదో కేకేసి చెబుతుంటారు. తోలే మనిషి కళ్లు రోడ్డు మీదా, చెవులు నావిగేటర్ మీదా ఉంటాయి.

మాది ఆత్మకూరు. మా తాత లారీ మెకానిక్. కుర్రతనంలో మద్రాసు దగ్గర వాడకం పోయిన ఒక విమానాల రన్‌వే మీద మోటారు సైకిల్ పందేలకు పోయేవాడు. ఆయన కొడుకులు ఇద్దరూ ఇంజిన్ల మధ్యే పెరిగారు. వాళ్లక్క, అంటే మా అమ్మ, స్టాప్‌వాచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మా అవ్వ మాత్రం, "ఈ ఇంట్లో అన్నం గూడా టైం పెట్టి తింటారు" అని విసుక్కునేది. అయినా ప్రతి పందెం ముందూ ప్రార్థన చేసి పంపేది ఆమే.

పెద్దమామ నావిగేటర్, చిన్నమామ డ్రైవర్. మలుపుల పుస్తకాన్ని వాళ్లిద్దరూ తెలుగులో రాసుకున్నారు. వెనక్కి తిరిగిపోయేంత వంపు ఉంటే 'కొడవలి'. కొంచెం వంగి సాగిపోతే 'గరిటె'. అవతల ఏముందో కనబడని ఎత్తు 'మిట్ట'. దాని పక్కన ఎడమో కుడో, ఎన్ని మీటర్లో. ఆత్మకూరు నుంచి చేజర్ల మీదుగా కలువాయి దాకా వాళ్లు రాయని మలుపు లేదు. కోయంబత్తూరు డ్రైవర్లు ఆ పుస్తకం తిరగేసి నవ్వేవారట. రిజల్టు బోర్డు చూశాక మళ్లీ అడిగి చూసేవారట.

అట్లా రెండుసార్లు దేశ ఛాంపియన్ అయ్యాడు చిన్నమామ. ఆ తర్వాత పెద్దమామ చూపు మందగించింది. ఎగిరిపడే కార్లో అక్షరాలు ఆనడం లేదన్నాడు. నేనప్పుడు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. లెక్కలు వస్తాయి, గొంతు పెద్దది, కార్లో వాంతులు చేసుకోను. ఈ మూడు గుణాలు చూసి చిన్నమామ నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

పక్కనుంచి చూస్తే ఆయన తోలడం మీరనుకున్నట్టు ఉండదు. పళ్లు బిగించడు, స్టీరింగుతో కుస్తీ పట్టడు. కొత్త ఊళ్లో దిగిన మనిషిలా అన్నీ చూస్తూ పోయేవాడు. పందెం అయిపోయాక, "ఆ పదో కిలోమీటరు కాడ ఒక పిట్ట ఎగిరింది చూడు, తోక నీలంగా ఉండాది, అదేం పిట్టంటావు?" అని అడిగేవాడు. నాకు పిట్ట కాదు గదా చెట్టు కూడా కనబడి ఉండేది కాదు. ఆయన దగ్గర ఒక మాట ఉండేది. తొందర చక్రాలకుండాలగానీ మనిషికెందుకు, అనేవాడు.

నా మూడో ర్యాలీలో తప్పు జరిగింది. కర్ణాటకలో కాఫీ తోటల మధ్య రోడ్డు. మేము ముందంజలో ఉన్నాం. చెమట చేత్తో పుస్తకం తిప్పుతుంటే రెండు పేజీలు ఒక్కసారే తిరిగాయి. నాకు తెలియలేదు. 'ఎడమ గరిటె' అని అరిచాను. అక్కడున్నది కొడవలి. కారు రోడ్డు దాటి కాఫీ మొక్కల్లోకి దూసుకుపోయి ఒక చెట్టుకు ఆనుకుని ఆగింది. నా ముక్కులోంచి రక్తం కారుతోంది. ఆయన బెల్టు విప్పుకుని ముందు నా తల నిమిరి చూశాడు. తర్వాత నా ఒళ్లో ఉన్న పుస్తకం వైపు చూశాడు. ఏ పేజీ తెరిచి ఉందో ఆయనకు కనబడింది. ఆ సంగతి నాకూ తెలుసు.

మాకు కారిచ్చిన కంపెనీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. పేపర్ల వాళ్లూ వచ్చారు. చిన్నమామ అందరి ముందూ ఒకటే మాట చెప్పాడు. "బ్రేకు నేనే లేటుగా కొట్టినా." అంతకు ముందు ఏడాదంతా ఆయన ఒక్క బ్రేకు కూడా లేటుగా కొట్టలేదు. కంపెనీ మనిషి నమ్మలేదు. ఆ అమ్మాయిని మార్చండి అన్నాడు. ఆమె లేకుంటే నేనూ లేను, అన్నాడు చిన్నమామ. నేను అక్కడే నిలబడి ఉన్నాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో అడిగాను. "మామా, తప్పు నాది గదా. ఎందుకట్లా చెప్పినావు?"

ఆయన బయటికి చూస్తూ, "ఆకలిగా ఉండాది, ముందు తిందాం పా" అన్నాడు. తిన్నాం. జవాబు మాత్రం రాలేదు. ఆ తర్వాత మూడు నాలుగుసార్లు అడిగాను. ప్రతిసారీ ఏదో ఒక పని గుర్తొచ్చేది ఆయనకు.

ఇంక నావల్ల కాదని అమ్మతో చెప్పేశాను. రెండు వారాల తర్వాత ఒక పొద్దున ఆయన జీపు మా ఇంటి ముందు ఆగింది. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కలువాయిలో పనుంది, తోడు రమ్మన్నాడు. చేజర్ల దాటాక పాత పుస్తకం నా ఒళ్లో పడేశాడు. ఒళ్లు మండింది. నేను పుస్తకం తెరవలేదు. మొదటి మలుపు వచ్చింది. జీపు సరిగ్గా మలుపు మొదట్లో, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏంది మామా, ఆపినావు?"

"నువ్వు చెప్పలా. నేనెట్లా తిప్పేది?"

వెనక బస్సు వచ్చి హారన్ కొట్టింది. డ్రైవర్ దిగి తిట్లందుకున్నాడు. చిన్నమామ తల బయటపెట్టి ఎంతో మర్యాదగా, "మా నావిగేటర్ ఇంకా చెప్పలేదన్నా" అన్నాడు. బస్సులో జనమంతా కిటికీల్లోంచి నన్ను చూస్తున్నారు. చచ్చినట్టు పుస్తకం తెరిచి, కుడి గరిటె, అన్నాను. జీపు కదిలింది. అట్లా కలువాయి దాకా ప్రతి మలుపూ చెప్పించాడు. కలువాయిలో ఆయనకు పనేమీ లేదు. చెరో దోసె తిని వెనక్కి వచ్చాం. మర్నాడూ వచ్చాడు. ఇరవై రోజులు తిరిగాం. నేను కావాలని తప్పు చెబితే కావాలని తప్పుగానే తిప్పి జీపును చేలో దించాడు. ఒక రైతు చేత ఇద్దరం తిట్లు తిన్నాం. పదిహేనో రోజుకు నాకు నవ్వు వచ్చింది. ఇరవయ్యో రోజుకు నా గొంతు నాకు తిరిగొచ్చింది.

ఆ ఏడాది ఆఖరి ర్యాలీ అవే కాఫీ తోటల్లో. గెలిస్తేనే ఛాంపియన్‌షిప్. పొద్దున్నుంచీ వాన, మధ్యాహ్నానికి మంచు దిగింది. బయలుదేరే ముందు, కొంచెం గట్టిగా చదువు, అని మాత్రం అన్నాడు. మంచులోకి పోయాక అద్దం ముందు తెల్లగుడ్డ కట్టినట్టయింది. ఏ డ్రైవరైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. ఆయన తీయలేదు. నేను ఒక్కో పేజీనీ వేలితో తడిమి, ఒక్కటే తిరిగిందని చూసుకుని చదివాను. ఆ మలుపు వచ్చినప్పుడు 'ఎడమ కొడవలి, కొడవలి' అని రెండుసార్లు అరిచాను. ఏమీ కనబడకముందే ఆయన చేతులు తిరిగాయి. పక్క కిటికీకి కాఫీ ఆకులు రాసుకుంటూ పోయాయి. రోడ్డు మా కింద ఉండనే ఉంది.

ఏడు సెకన్ల తేడాతో గెలిచాం. బహుమతి ఇచ్చేటప్పుడు తీసిన ఫోటో మా ఇంట్లో ఉంది. కప్పు నా చేతుల్లో ఉంటుంది. ఆయన కెమెరా వైపు చూడడు. పక్క కారు టైర్లకు ఏం మట్టి అంటిందా అని వంగి చూస్తుంటాడు.

ఇంకో నాలుగేళ్లు తోలి, ఒక ర్యాలీ మధ్యలో దిగేశాడు. కారులో ఏ లోపమూ లేదు. కంపెనీ వాళ్లకు ఏం చెప్పాడో తెలియదు గానీ నాతో ఇట్లా అన్నాడు. "ఇందాక ఆ మిట్ట మీద నాకు భయం రాలేదు పాపా. భయం రానోడు బండి తోలగూడదు." అంతే, మళ్లీ పందెం కారు ఎక్కలేదు. అత్తవాళ్ల ఊరు ఉదయగిరిలో షెడ్డు పెట్టుకున్నాడు. ఊళ్లో ఆయన జీపును ఆటోలు కూడా దాటిపోయేవి. నెల్లూరు బస్సెక్కితే డ్రైవర్ పక్కన కూర్చుని గేర్ల గురించి ప్రశ్నలు వేసేవాడు. చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర గంటలు గంటలు కూర్చుని, కాడ ఎక్కడ వంచాలో ఎట్లా తెలుస్తుందని అడిగేవాడు. అన్నీ అడిగే మనిషి, నేనడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడు.

జవాబు అంత్యక్రియల రోజు దొరికింది. పాస్టరుగారి ప్రార్థన అయి, మట్టి వేసి, జనం పలచబడ్డారు. పెద్దమామ సమాధుల తోట గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు కుడి మోకాలు వంగదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. పక్కన కూర్చుని ఆ కాఫీ తోట సంగతి ఎత్తాను. చిన్నమామ నా తప్పు ఎందుకు తన మీదేసుకున్నాడో ఎన్నడూ చెప్పలేదన్నాను. ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు.

నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి మాట. అన్నదమ్ములిద్దరికీ అది మొదటి పెద్ద ర్యాలీ. పెద్దమామ 'మిట్ట, మెల్లగా' అని సరిగ్గానే చదివాడు. ఇరవై ఏళ్ల చిన్నమామ వినిపించుకోలేదు. కారు పల్టీ కొట్టింది. పెద్దమామ మోకాలు నుజ్జయింది. ఆసుపత్రికి వచ్చిన తాత, మంచం పక్కన నిలబడి, తప్పెవరిది అని అడిగాడు. తమ్ముడిదంటే తాత వాడికి జన్మలో కారు తాళం ఇవ్వడు. అందుకని, నేనే తప్పు చదివినా, అని చెప్పాడట పెద్దమామ.

"నాయన సచ్చేదాకా నన్ను చదువురానోడనే అన్నాడు. పదిమందిలో అన్నాడు. నీ చిన్నమామ ఆ మాట విన్నప్పుడల్లా లేచి బయటికి పోయేవాడు."

"ఆయన నీతో ఏమీ అన్లేదా?"

"అన్లేదు. నేనూ ఎత్తలా. నలభై ఎనిమిదేండ్లు." పెద్దమామ మోకాలు రెండు చేతులతో రుద్దుకున్నాడు. "నీ సంగతి జరిగిన పొద్దు నాకు ఫోన్ చేసినాడు. అన్నా, పాప తప్పు నేను చెప్పుకున్నా, అన్నాడు. ఊఁ అన్నా. పెట్టేసినాడు. మా మధ్య ఆ విషయం మాట్లాడుకున్నది అంతే."

నాకు ఎందుకు చెప్పలేదో అప్పుడర్థమైంది. నాకు చెప్పాలంటే అన్న కథ కూడా చెప్పాలి. ఆ కథ తనది కాదనుకున్నాడు. పెద్దమామ కళ్లలోని నీళ్లు తుడుచుకోలేదు, వాటిని అట్లాగే వదిలేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

కోయంబత్తూరు నుంచీ బెంగళూరు నుంచీ చిన్నమామతో పోటీ పడిన పాత డ్రైవర్లు నలుగురు వచ్చారు. అందరికీ జుట్టు నెరిసింది. వాళ్ల కారు సిద్ధంగా ఉంది, చాలా దూరం పోవాలి. కానీ వాళ్లు కారెక్కలేదు. సమాధుల తోట దాటాక రోడ్డు కొండ వైపు తిరిగే చోటికి నడుచుకుంటూ పోయి నిలబడ్డారు. ఒకాయన మలుపు లోపలి అంచు నుంచి కారు తిప్పాలని చేత్తో చూపించాడు. ఇంకొకాయన కాదని తల ఊపి, రోడ్డు అవతలి అంచుకు పోయి అక్కడి నుంచి గాలిలో గీత గీశాడు. మాటలు నాకు వినబడడం లేదు. పెద్దమామ గోడ దిగి, కాలు ఈడ్చుకుంటూ వాళ్ల దగ్గరికి పోయాడు. వాళ్లు చోటిచ్చారు. నెల్లూరు బస్సొకటి వాళ్ల పక్కనుంచి మెల్లగా దిగిపోయింది. ఇస్త్రీ చొక్కాల్లో ఐదుగురు ముసలివాళ్లు, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఖాళీ మలుపు ముందు నిలబడి ఐదు రకాలుగా చేతులు తిప్పుతూనే ఉన్నారు.